అక్క పాసైంది

"మీ అక్కగారు పాసయ్యారు మేడమ్" అని అక్కకి వ్యాయామం చేయించే పాటల మాస్టారు ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను అవుట్ పేషెంట్ గదిలో ఎవరిదో మోకాలు పట్టుకుని ఉన్నాను. ఆయన గొంతులో సంతోషం పొంగిపోతోంది. నేను మాత్రం ఆ మోకాలు వదిలేశాను. పాసవడమంటే ఏమిటో మా ఫిజియోథెరపీ డిపార్ట్‌మెంటులో తెలియనివాళ్లు లేరు. పాసైనవాళ్లు మంచం ఖాళీ చేసి ఇంటికి వెళ్లాలి.

ముందురోజు సాయంత్రమే అక్కని వార్డు బయట విజిటర్ల బెంచీ మీద కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పాను. లోపలికి వెళ్దామంటే లేవలేకపోయింది. ఆ బెంచీ మామూలు కుర్చీ కంటే కాస్త తక్కువ ఎత్తు, అంతకు మించి దానిలో లోపమేమీ లేదు. రెండుసార్లు ముందుకు వంగి, వెనక్కి పడి, నవ్వేసి, బెంచీనే తిట్టి, నన్ను లాగమంది. లాగాను. ఆ మనిషి పాసైందట. ఇంట్లో మేమిద్దరమే. పొద్దున్న నేను డ్యూటీకి వెళ్తే సాయంత్రం దాకా పలకరించే దిక్కుండదు. బాత్రూమ్‌లో పడితే నేను వచ్చేదాకా అక్కడే పడి ఉంటుంది. సెలవు పెట్టినా ఎన్నాళ్లు పెడతాను? ఇంటికొచ్చి చేసేవాళ్లని పెట్టుకునే స్తోమత మాకు లేదు. ఒకసారి పంపించేశాక మళ్లీ వార్డులో చోటు దొరకాలంటే బయట వరసలో అందరి వెనకా నిలబడాలి. పక్షవాతం వచ్చిన తర్వాత మొదటి నెలల్లో వచ్చే బలం మళ్లీ ఆ వేగంతో రాదు. ఇదంతా నాకు కంఠతా వచ్చు. రోగుల బంధువులకి చెప్పి చెప్పి అరిగిపోయిన మాటలు.

ఇంతకీ ఆ పరీక్షని మా ఆసుపత్రికి తెచ్చింది ఎవరంటే, నేనే.

పక్షవాతం వచ్చినవాళ్లకి, తుంటి విరిగినవాళ్లకి మళ్లీ నడక నేర్పే చోటు మాది. ఫలానా రోగి ఎలా ఉన్నాడని అడిగితే "పర్లేదు" అనో, "మెరుగే" అనో, "ఇంకొంచెం టైం పడుతుంది" అనో జవాబొచ్చేది. ఎవరి నోట ఏ మాట వస్తే అదే కొలత. మా హెడ్‌ని అందరం పెద్ద సారు అంటాం. ఆయనైతే రోగి గుమ్మంలోంచి నాలుగడుగులు వేసి వస్తుంటే చూసి, ఇతను పడతాడనో పడడనో తేల్చేసేవారు. ఆయన చూపు మంచిదే, కాదనను. కానీ ఆయన సెలవు పెట్టిన రోజున ఆ చూపు కూడా సెలవు పెట్టేది. మిగతావాళ్లం గుడ్డెద్దు చేలో పడ్డట్టే పనిచేసేవాళ్లం.

ఎందరో రోగుల మీద ప్రయత్నించి చూసి, పడిపోయే ప్రమాదం ఎవరికుందో ముందే చెప్పగలదని పరిశోధనలో తేలిన బ్యాలెన్స్ పరీక్ష ఒకటుంది. దానికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. కుర్చీ, పీట, చెప్పు, స్టాప్‌వాచ్ ఉంటే చాలు. కుర్చీలోంచి లేవాలి, కళ్లు మూసుకుని నిలబడాలి, చుట్టూ తిరగాలి, వంగి నేల మీద చెప్పు తియ్యాలి, పీట మీద పాదాలు మార్చి మార్చి పెట్టాలి. దేనికెన్ని మార్కులో స్పష్టంగా రాసి ఉంటుంది. దీన్ని రోజువారీ పనిలో పెట్టించాలని ఏళ్ల తరబడి మొత్తుకున్నాను. మీటింగుల్లో చెప్పాను, మెట్ల మీద ఆపి చెప్పాను, టీ తాగేటప్పుడు చెప్పాను. నన్ను చూడగానే కప్పు తీసుకుని పక్క బల్లకి తప్పుకునేవాళ్లు. ఈ పరీక్ష పెట్టే సమయంలో ఇంకో రోగికి వ్యాయామం చేయించొచ్చు కదా అనేవారు. ఆ పరిశోధన చేసిన మహానుభావుల్ని ఒక్క సోమవారం మా వార్డుకి రమ్మనండి అనేవారు. మార్కులమ్మ అని పేరు కూడా పెట్టారు.

నా గోడు విసుక్కోకుండా విన్నది అక్కొక్కతే. స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో తను కటింగ్ మాస్టరు. అమ్మ పోయాక నన్ను చదివించింది ఆ కత్తెరే. "టేపు పెట్టకుండా గుడ్డ మీద కత్తెర పెట్టేవాణ్ణి నేను షాపులో ఉండనివ్వను. మనుషుల్ని టేపు పెట్టకుండా ఎలా ఇంటికి పంపిస్తున్నారే మీరు?" అనేది. ఆ ఒక్క మాటతో నాకు మళ్లీ ఓపిక వచ్చేది.

చివరికి పరీక్ష అమల్లోకి రావడమైతే వచ్చింది. నా వాగ్ధాటి వల్ల అనుకుంటే పొరపాటే. మంచాలు చాలక, బయట వరస పెరిగిపోయి, ఎవర్ని ఎప్పుడు పంపించాలో చెప్పడానికి పైవాళ్లకి ఒక ఆధారం కావలసి వచ్చింది. నా మార్కులు వాళ్ల కంటబడ్డాయి. ఇన్ని మార్కులు దాటితే పడే ప్రమాదం తక్కువని పరిశోధనలో ఉంది కాబట్టి, సరిగ్గా అక్కడ ఒక గీత గీశారు. గీత దాటినవాళ్లు ఇంటికి. ఎవరి చేతిలో రోగులు తొందరగా గీత దాటుతున్నారో హాల్లో బోర్డు మీద రాయడం మొదలుపెట్టారు. మంచిదే జరిగిందనుకుని నేను ఆ వారమంతా నేల మీద నడవలేదు. పరీక్ష ఎలా పెట్టాలో అందరికీ నేనే నేర్పాను. నియమాలు నేనే రాసి హాల్లో అతికించాను.

రోగి బాగుపడితే మార్కులు పెరుగుతాయని నేననుకున్నాను. మావాళ్లు దాన్ని తిరగేశారు. మార్కులు పెంచడానికి దగ్గరి దారి పరీక్షనే పొద్దస్తమానం చేయించడం. కాళ్లకి బలం తెచ్చే వ్యాయామాలు పోయాయి, మెట్లెక్కించడం పోయింది, మంచం మీంచి లేపడం నర్సుల పనైపోయింది. ఎప్పుడు చూసినా అదే కుర్చీ, అదే పీట. ఎవరిదో తెలియని పాత గోధుమరంగు చెప్పొకటి హాల్లో పడి ఉండేది, వార్డంతా దాన్నే వంగి వంగి తీసేది. లేచేటప్పుడు చెయ్యి ఆనిస్తే మార్కులు కోస్తారు కాబట్టి, గుండెల మీద చేతులు కట్టుకునే లేవాలని అందరికీ అలవాటు చేశారు. కోచింగ్ సెంటర్లలో పిల్లల్ని తోమినట్టు తోమేవారు. ఇదేం వైద్యమని నేను గట్టిగానే దెబ్బలాడాను. మీరు చెయ్యమన్నదే కదా మేడమ్ చేస్తున్నాం అన్నారు. వాళ్లేమీ చెడ్డవాళ్లు కారు. బోర్డు మీద పేరు కిందికి పోతే ఎవరికైనా సిగ్గే.

అక్కకి పక్షవాతం వచ్చింది ఆ రోజుల్లోనే. కటింగ్ బల్ల దగ్గర నిలబడి ఉండగా కుడిచేతిలోంచి కత్తెర జారిపోయిందట. వంగి తియ్యబోయి, తనూ పడిపోయింది. సొంతవాళ్లకి మేం వైద్యం చెయ్యకూడదు, పరీక్ష పెట్టకూడదు, అది మా ఆసుపత్రి రూలు. అందుకని అక్కని పాటల మాస్టారికి అప్పగించారు. పాత సినిమా పాటలు హమ్ చేస్తూ వ్యాయామం చేయిస్తాడు, చెయ్యి మెత్తన, రోగులకి ఆయనంటే ప్రాణం. మీ అక్కగారి సంగతి నాకు వదిలెయ్యండి, మంచి మార్కులు తెప్పిస్తాను అన్నాడు. మేలు చేస్తున్నాననుకున్నాడే తప్ప, ఏం చేస్తున్నాడో ఆయనకే తెలియదు. నేను ఒద్దన్నాను. కాళ్లకి బలం రానివ్వండి, మార్కులు తర్వాత చూద్దాం అని బతిమాలాను. అలాగే మేడమ్ అంటూనే ఆయన పని ఆయన చేసుకుపోయాడు.

ఫోన్ పెట్టేసి నేరుగా పెద్ద సారు గదికి వెళ్లాను. కూర్చోమన్నా కూర్చోలేదు. బెంచీ మీద జరిగింది చెప్పాను. వార్డులో పది అడుగులు వెయ్యడానికి కూడా పక్కన మనిషి కావాలని చెప్పాను. మళ్లీ పరీక్ష పెట్టండి సార్, కానీ ఈసారి వేరే కుర్చీ వెయ్యండి, చెప్పు బదులు గిన్నె పెట్టండి, కిటికీ వైపు కాకుండా గోడ వైపు తిప్పి నిలబెట్టండి, అప్పుడు మీకే తెలుస్తుంది అన్నాను. ఆయన అంతా విన్నారు. లేచి నన్ను హాల్లోకి తీసుకెళ్లి, గోడ మీద నేను అతికించిన నియమాల ముందు నిలబెట్టారు. కుర్చీ ఎత్తు మార్చరాదు. వస్తువు మార్చరాదు. ఎవరు చేసినా, ఎప్పుడు చేసినా ఒకేలా చెయ్యాలి. ఏదైనా మారిస్తే ఆ మార్కులకి విలువ లేదు. ఆ చివరి వాక్యం కింద రెండు గీతలు గీసింది కూడా నేనే.

"నా కంటికి కూడా మీ అక్క పడిపోతుందనే అనిపిస్తోందమ్మా. మొన్న నడుస్తుంటే చూశాను" అన్నారు.

"ఆ మాటే రాయండి సార్."

"ఎక్కడ రాయను? నా కన్ను లెక్కలోకి రాదని నువ్వే కదా పోట్లాడావు. మార్కుల కాగితంలో దానికి గడి లేదు."

ఆయన దెప్పిపొడవడానికి అనలేదు. అలా అనుంటే నేను తిరిగి నాలుగు మాటలు అనేదాన్ని. ఆయన మొహంలో బాధ కనిపించింది. నిలబడ్డ చోటే ఏడ్చేశాను. అటుగా పోతున్న నర్సు ఆగి చూసి, చూడనట్టు వెళ్లిపోయింది. పెద్ద సారు రేపు పొద్దున్న తనే స్వయంగా పరీక్ష పెడతానన్నారు. నియమాల ప్రకారమే పెట్టాలి, గీత కిందికొస్తే మంచం ఉంటుంది, అంతకంటే తన చేతిలో ఏమీ లేదన్నారు. చెబుతున్నంతసేపూ నా వైపు చూడలేదు. ఆయన నాకు ఏ దారి చూపిస్తున్నారో అర్థమైంది.

సాయంత్రం వార్డుకి వెళ్లేసరికి అక్క మంచం మీద దిండుకి ఆనుకుని దర్జాగా కూర్చుని ఉంది. పక్క మంచాలవాళ్లు అప్పటికే అభినందించి వెళ్లారట. సగం మొహం నవ్వుతుంటే, రెండో సగం దాన్ని అందుకోవాలని చూస్తోంది. తను ఎలా సాధించిందో చెప్పుకొచ్చింది. మధ్యాహ్నం అందరూ కునుకు తీసేవేళ పాటల మాస్టారితో ఆ కుర్చీ తన మంచం దగ్గర వేయించుకునేదట. చేతులు కట్టుకుని లేవడం, కూర్చోవడం, లేవడం. మోకాళ్లు వణికేదాకా, వణుకు ఆగేదాకా.

అంత పట్టుదల దేనికక్కా అని అడిగాను.

"నిన్నిక్కడ ఏమంటారో తెలుసా? మార్కులమ్మ అంటారు. నర్సులు కూడా నవ్వుకుంటారే నీ వెనకాల. నా చెల్లెలి పరీక్షలో నేనే ఫెయిలైతే వాళ్ల నోళ్లకి అడ్డుంటుందా?"

నా పరువు కోసం తను తన మంచం పోగొట్టుకుంటోంది. దగ్గరికి జరిగి, చెవిలో చెప్పినట్టు చెప్పాను. "రేపు పెద్ద సారు మళ్లీ పరీక్ష పెడతారు. కొంచెం తప్పులు చెయ్యక్కా."

అక్క అర్థం కానట్టు చూసింది. విడమరిచి చెప్పాను. ఇంటికి వెళ్తే ఏమవుతుందో, ఇక్కడుంటే ఏమొస్తుందో, బెంచీ మీంచి ఎందుకు లేవలేకపోయిందో అన్నీ చెప్పాను. లేచేటప్పుడు చెయ్యి ఆనించు, తిరిగేటప్పుడు తూలినట్టు ఆగు, చెప్పు అందలేదను, అంతే చాలు అన్నాను. మార్కులు నిజాయితీగా ఉండాలని ఊరందరికీ ఉపన్యాసాలిచ్చిన నోటితో దొంగ పరీక్ష ఎలా రాయాలో నేర్పుతున్నాను. ఆ క్షణంలో నాకు సిగ్గు వెయ్యలేదు. అక్క ఒప్పుకుంటే చాలు, ఏ పాపమైనా నెత్తిన వేసుకునేదాన్ని.

"తప్పు కొలత ఇమ్మంటావు" అంది అక్క.

"అవునక్కా. ఒక్కసారి."

చాలాసేపు దుప్పటి అంచు ఎడమచేత్తో నలుపుతూ కూర్చుంది. చివరికి సరేనంది. నువ్వు చెప్పాక కాదంటానా అంది. నేను తన చెయ్యి పట్టుకుని అక్కడే కూర్చున్నాను, టైం అయిపోయిందని నర్సు వచ్చి లేపేదాకా.

పొద్దున్న హాల్లో జనం మూగారు. పెద్ద సారు పరీక్ష పెట్టడమే వింత. ఒకప్పుడు దీని పేరెత్తితే చెయ్యి అడ్డంగా ఊపిన మనిషి, స్టాప్‌వాచ్ మెళ్లో వేసుకుని నిలబడ్డారు. పాటల మాస్టారు తన రోగి మీద అనుమానపడ్డారని మొహం ముడుచుకుని ఓ మూల నిలబడ్డాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. లోపలికి వెళ్లే హక్కు నాకు లేదు.

"లేవండి" అన్నారు పెద్ద సారు.

అక్క నా వైపు చూసింది. కుర్చీ చేతి మీద ఎడమచెయ్యి పెట్టింది. ఆ చెయ్యి అక్కడ ఒక్క క్షణం ఉంది. తర్వాత దాన్ని తీసి, పనిచెయ్యని కుడిచేతిని దాంతో పట్టుకుని గుండెల మీద పెట్టుకుని, నిటారుగా లేచి నిలబడింది.

పోనీ ఒకటే కదా, ఇంకా చాలా ఉన్నాయనుకున్నాను. కళ్లు మూసుకోమంటే మూసుకుంది, కదల్లేదు. తిరగమంటే తిరిగింది, ఎక్కడా ఆగలేదు. పీట మీద పాదాలు ఒకటి తర్వాత ఒకటి పెట్టింది. పెద్ద సారు ప్రతిదానికీ కావలసిన దానికంటే ఎక్కువసేపు ఆగారు, తప్పు చెయ్యడానికి చోటిస్తున్నట్టు. అక్క ఆ చోటు తీసుకోలేదు. చివరికి చెప్పు తియ్యమన్నారు. వంగి, తీసి, మర్యాదగా ఆయన చేతికిచ్చింది. హాలంతా చప్పట్లు. పాటల మాస్టారైతే కళ్లు తుడుచుకున్నాడు. పెద్ద సారు కాగితం మీద మార్కులు రాసి, నా పక్కనుంచి వెళ్లిపోయారు. నేను కూడా చప్పట్లు కొట్టాను. అందరూ నన్నే చూస్తున్నారు మరి.

చక్రాల కుర్చీలో వార్డుకి తీసుకెళ్తుంటే నాకు కోపం ఆగలేదు. ఎందుకిలా చేశావని నిలదీశాను. అక్క తలెత్తలేదు.

"చెయ్యి ఆనిద్దామనే అనుకున్నానే. ఆనించాను కూడా. అందరూ చూస్తున్నారు. కత్తెర పట్టుకోలేను. తల దువ్వుకోలేను. ముద్ద నోట్లో పెట్టుకుంటే సగం కింద పడుతోంది. నాకు వచ్చిన పనులు ఇవే చిట్టీ. ఇవి కూడా రావని చెప్పమంటే నా వల్ల కాలేదు."

వార్డులోకి వెళ్లేసరికి తన మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. సామాను సంచిలో సర్ది కుర్చీ మీద పెట్టారు. తుంటి విరిగిన ముసలాయన ఒకాయన స్ట్రెచర్ మీద గుమ్మంలో ఎదురుచూస్తున్నాడు. ఆయన కూతురు మాకు నమస్కారం పెట్టింది, మేం ఖాళీ చేస్తున్నందుకు. ఆవిడ మీద కోప్పడటానికి నాకేం హక్కుంది? ఎన్నాళ్లనుంచో వరసలో ఉన్నారట.

కారులో ఎక్కించడం తేలికే అయింది. వార్డు బాయ్‌లు ఇద్దరు ఎత్తి కూర్చోబెట్టారు. దారంతా అక్క కిటికీలోంచి బజారు చూస్తూ, తను పనిచేసిన షాపు దగ్గరికి రాగానే డ్రైవర్ని కాస్త మెల్లగా పోనివ్వమంది. షట్టరు తీసే ఉంది. లోపల కటింగ్ బల్ల దగ్గర వేరెవరో నిలబడి ఉన్నారు. నేను అటు చూడనట్టే కూర్చున్నాను.

ఇంటి ముందు కారాగింది. నేను దిగి, అటు తిరిగి వచ్చి తలుపు తీశాను. అక్క కాళ్లు రెండూ ఒక్కొక్కటే బయటికి తీసుకుని నేల మీద ఆనించింది. చేతులు గుండెల మీద కట్టుకుంది. ముందుకి వంగింది. లేవలేదు. కారు సీటు లోతుగా ఉంది, మెత్తగా ఉంది, దానికి మా నియమాలు తెలియవు. మళ్లీ వంగింది. వెనక్కి పడింది. నుదుటి మీద చెమట పట్టింది.

"తలుపు పట్టుకో అక్కా. సీటు మీద చెయ్యి ఆనించి, తోసుకుంటూ లే."

"చెయ్యి ఆనించకూడదుగా" అంది అక్క. వేళాకోళమాడుతోందేమోనని మొహంలోకి చూశాను. వేళాకోళం కాదు, భయపడుతోంది.

"ఇక్కడ మార్కులు లేవక్కా. ఆనించు."

ఎడమచెయ్యి విప్పింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక గాలిలోనే ఉంచింది. తలుపు మీద పెట్టబోయి, సీటు వైపు చూసి, మళ్లీ తీసేసింది. అప్పుడు తెలిసింది నాకు. చెయ్యి ఆనించుకుని ఎలా లేవాలో తనకి ఇన్నాళ్లలో ఎవరూ నేర్పలేదు. నేర్పితే మార్కులు తగ్గుతాయి.

డ్రైవరు ఇంకో చోటికి వెళ్లాలని, కాస్త తొందరగా కానివ్వమని మర్యాదగానే చెప్పాడు. వెనక ఇంకో బండి వచ్చి ఆగి, హారన్ కొట్టింది. నేను కారులోకి వంగి, అక్క ఎడమచేతిని పట్టుకుని సీటు అంచు మీద పెట్టి, వేళ్లు విప్పి పరిచాను.

"ఇక్కడ. బరువంతా ఇక్కడ వెయ్యి. మోచెయ్యి వంచకు" అన్నాను.

అక్క బరువు వేసింది. చెయ్యి జారిపోయింది. దాన్ని తీసుకుని నేను మళ్లీ పెట్టాను.